పిల్లి డొక్కలెగరేస్తుంటే...
(పశువైద్యుడి సలహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట. మా పిల్లి పండుకి అయిదేళ్లు. కొన్నాళ్లుగా ఉన్నట్టుండి నేలకు కరుచుకుని కూర్చుని, మెడ ముందుకు చాచి ఖళ్ ఖళ్‌మని దగ్గుతోంది. వెంట్రుకల ఉండ కక్కుతుందేమో అనుకుంటే ఏమీ రాదు. కాసేపటికి లేచి మామూలుగా తిరుగుతుంది. పోయిన శుక్రవారం రాత్రి మాత్రం తగ్గలేదు. డొక్కలు ఎగరేస్తూ, మధ్యలో నోరు కూడా తెరిచింది. ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే పొద్దున తీసుకురండి అన్నారు. ఆటో పిలిస్తే బుట్టలో పిల్లిని చూసి ‘రాత్రిపూట పిల్లి బేరమా అక్కా’ అని వెళ్లిపోయాడు. మా అత్తేమో ‘పిల్లికి ఆస్పత్రి ఏందిమే, ఆముదం చుక్క పోసి రొమ్ముకు కర్పూరం నూనె రుద్దు’ అంటుంది. మందుల షాపులో పిల్లల జ్వరం సిరప్ అర చెంచా పట్టమన్నారు. నేను ధైర్యం చాలక ఏదీ ఇవ్వలేదు. తెల్లవారేసరికి దానంతట అదే సర్దుకుంది. ఇప్పుడు తింటోంది, ఆడుతోంది. మళ్లీ వస్తే ఏం చెయ్యాలి? ఎవరి దగ్గరికి పోవాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఫోన్ నంబరు ఉండబట్టి సరిపోయింది. ఇది అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి అవసరమైనవి అప్పుడే ఫోన్లో చెప్పేశాను. ఇదే బాధలో ఉన్న మిగతావాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు, ఆ సిరప్ పట్టకపోవడం వల్లే మీ పండు బతికింది. పిల్లల జ్వరం సిరప్ అంటే దాదాపు ఎప్పుడూ పారాసెటమాలే. మన లివర్ దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి లివర్‌కు ఆ పని చేసే ఎంజైమ్ చాలా తక్కువ. మందు విషంగా మారి ఎర్ర రక్తకణాల మీద పడుతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. పెద్దవాళ్లు వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. ఆయాసంతో ఉన్నదానికి ఇస్తే ఇక చెప్పేదేముంది. ఎవరైనా తెలియక ఇచ్చేసి ఉంటే లక్షణాల కోసం చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోయి, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో చెప్పండి. విరుగుడు ఉంది. ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు, మనుషుల ఆస్పత్రుల్లోనూ వాడేదే. ఆలస్యమయ్యే కొద్దీ దాని పని తగ్గిపోతుంది.

మీ అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆముదం, కర్పూరం కలిపిన కొబ్బరినూనె ఆమె చేత్తో ఎంతమంది పిల్లల్ని పెంచి ఉంటాయో! కానీ ఎగశ్వాసలో ఉన్న జంతువు మింగలేదు. గొంతులో పోసిన నూనె నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెస్తుంది. నూనెతో వచ్చే నిమోనియా మొండిది. పాలు, తేనె, వాము నీళ్లు, తమలపాకు రసం, ఏదైనా అంతే. కర్పూరం నూనె రుద్దితే పిల్లి ఊరుకోదు, ఒళ్లంతా నాక్కుంటుంది. కర్పూరం, యూకలిప్టస్ నూనె పిల్లికి విషాలు. జలుబుకు మనం రాసుకునే బామ్‌లు కూడా ఈ లెక్కలోనే వస్తాయి.

ఇక జబ్బు సంగతి. కుక్క ఎండలో నాలుక చాపి వగర్చడం మామూలే. పిల్లి నోరు తెరిచి శ్వాస తీస్తోందంటే, బాగా పరుగెత్తి ఆడిన తర్వాత ఒకటి రెండు నిమిషాలు తప్ప, అది ప్రమాదమే. పిల్లి తన బాధను ఆఖరిదాకా దాచుకుంటుంది. మంచం కిందో బీరువా వెనకో చేరి ముడుచుకుంటుంది, మనం అలిగిందనుకుంటాం. నోరు తెరిచేసరికి దాచుకునే ఓపిక కూడా అయిపోయిందన్నమాట.

అందుకే ఆ దశ రాకముందే పట్టుకోవాలి. దానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పిల్లి బాగా నిద్రపోయినప్పుడు డొక్క వైపు చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. ఫోన్లో 30 సెకన్లు పెట్టుకుని లెక్కపెట్టి, రెండుతో హెచ్చించండి. గుర్రుమంటున్నప్పుడు లెక్కపెడితే తప్పు వస్తుంది, అప్పుడు వద్దు. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉంటే మంచిదే. రెండు మూడుసార్లు చూసినా 30 దాటుతుంటే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఊరికే పడుకుని ఉండగా 40 పైన, కడుపుతో లాగి లాగి పీలుస్తుంటే అప్పుడే బయలుదేరాలి. చిగుళ్లు, నాలుక నీలంగానో తెల్లగానో అయినా, మోచేతులు పక్కలకు చాపి మెడ సాగదీసి కదలకుండా కూర్చున్నా, నిమిషాలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. ఆయాసంతో పాటు వెనక కాళ్లు ఉన్నట్టుండి చచ్చుబడి, పాదాలు చల్లగా తగిలితే అది గుండె జబ్బులో గడ్డకట్టిన రక్తం కాళ్ల రక్తనాళానికి అడ్డం పడిన లక్షణం. అప్పుడు కూడా అంతే.

మీరు పంపిన వీడియో చూశాక నా అనుమానం ఉబ్బసం మీద. నాలుగైదేళ్ల వయసు, ఏమీ రాని ఖళ్‌ఖళ్ దగ్గు, మధ్యమధ్యలో మామూలుగా ఉండటం అన్నీ దానికి సరిపోతున్నాయి. వెంట్రుకల ఉండ అనుకుని ఏళ్ల తరబడి వదిలేసిన ఉబ్బసాలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. అయినా వీడియో చూసి జబ్బు తేల్చేయడం నాకిష్టం లేదు. ఛాతీలో నీరు చేరినా, గుండె కండరం మందమైనా, నిమోనియా అయినా, ఊపిరితిత్తుల్లో పురుగులున్నా బయటికి కనిపించేది ఈ ఆయాసమే. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి చేటు.

శుక్రవారం రాత్రి అని రాశారు కదా, నాకు అక్కడ అనుమానం తగిలింది. ఫోన్లో అడిగితే తెలిసిందేమిటంటే, శుక్రవారం సాయంత్రం ఇల్లంతా సాంబ్రాణి పొగ, ఆపైన దోమలకని తలుపులు మూసి కాయిల్. తిరుపతిలో పొగ లేని పూజ ఎక్కడుంటుంది? పూజ మానమని నేను చెప్పను. సాంబ్రాణి వేసే గంటసేపు పండును గాలి ఆడే వేరే గదిలో ఉంచండి. కాయిల్ మాత్రం పూర్తిగా మానేసి కిటికీలకు మెష్ కొట్టించండి, అది మీ అందరికీ మంచిదే. పిల్లి దొడ్డికి పోయే మట్టి పెట్టెలో దుమ్ము లేచే సన్న ఇసుక పోయవద్దు. ఫినాయిల్‌తో నేల తుడిస్తే ఆరేదాకా పిల్లిని రానివ్వవద్దు, తడి పాదాలు నాక్కుంటే ఆ విషం వేరే.

ఎవరి దగ్గరికి పోవాలి అన్నారు. మీరు ఆ విషయంలో అదృష్టవంతులు. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, 2005లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందే ఇప్పుడు నడుస్తోంది. దానికి బోధనాసుపత్రి ఉంది. పశువుల ఆస్పత్రి అంటే ఆవులకూ గేదెలకే అని చాలామంది అటువైపే పోరు. పిల్లుల్నీ చూస్తారు. అయితే ఏ వేళలో చూస్తారో, సెలవు రోజున ఎవరుంటారో ఇప్పుడే, పిల్లి బాగున్నప్పుడే, పోయి కనుక్కోండి. అలాగే ఊళ్లో రాత్రిపూట ఫోన్ ఎత్తే ప్రైవేటు డాక్టర్లు ఎవరు, వాళ్లలో ఆక్సిజన్ ఎవరి దగ్గర ఉంది అని అడిగి, రెండు మూడు నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి. ‘ఆక్సిజన్ ఉందా’ అన్న ఒక్క ప్రశ్నతో ఎక్కడికి పోవాలో తేలిపోతుంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం ముఖ్యంగా పల్లెల్లో పశువుల కోసం. ఆయాసపడే పిల్లిని పెట్టుకుని దాని కోసం ఎదురుచూడవద్దు. పెద్ద పరీక్షలు కావాలని ఇక్కడి డాక్టరే చెబితే చెన్నై వేపేరిలో 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాల ఉంది. కానీ ఎగశ్వాసతో ఉన్నదాన్ని అంతదూరం తీసుకుపోవద్దు. ముందు దగ్గర్లోని డాక్టరు శ్వాస నిలబెట్టాలి, ప్రయాణం తర్వాత.

తీసుకుపోయేటప్పుడు ఒళ్లో పట్టుకోవద్దు, టవల్‌లో బిగించి చుట్టవద్దు. పెనుగులాడిన పిల్లికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. నాలుగు వైపులా గాలి వచ్చే బుట్ట, మూత గట్టిగా తాళ్లతో కట్టి, పైన పల్చటి చున్నీ కప్పితే చాలు. ఆటో వాళ్లు రాకపోతే ‘ఎమర్జెన్సీ, వెళ్లేది ఆస్పత్రికి’ అని ముందే చెప్పండి, పిల్లి శకునం గురించి ఆయనతో వాదించే సమయం కాదది. బయలుదేరేటప్పుడే డాక్టరుకు ఫోన్ చేసి ‘పిల్లికి ఆయాసం, నోరు తెరుస్తోంది, పది నిమిషాల్లో వస్తున్నాం’ అనండి. అక్కడ కుక్కల మధ్య వరుసలో కూర్చోవద్దు, ‘ఊపిరి ఆడటం లేదు’ అని ముందుకు వెళ్లండి. మొహమాటపడితే నష్టపోయేది పిల్లి.

డాక్టరు వెంటనే ఎక్స్‌రే తీయకుండా పిల్లిని ఆక్సిజన్ పెట్టెలో పెట్టి ఊరుకుంటే ఏమీ చేయడం లేదని గొడవపడకండి. సరిగ్గా చేయాల్సింది అదే. ఊపిరి అందని పిల్లిని వెల్లకిలా పడేసి పట్టుకుంటే ఎక్స్‌రే టేబుల్ మీదే పోవచ్చు. అవసరమైతే కొద్దిగా మత్తు ఇచ్చి, ఛాతీలో నీరుందనిపిస్తే సూదితో తీస్తారు. ఆ నీరు బయటికి రాగానే పిల్లి తెరిపిన పడటం కళ్లారా చూస్తారు. ఫొటోలు, రక్త పరీక్షలు అది కుదుటపడ్డాక.

ఉబ్బసమే అని తేలితే మనుషులకు వాడే ఇన్‌హేలరే మందు. మందుల షాపులో పసిపిల్లల మాస్క్, దానికీ ఇన్‌హేలర్‌కీ మధ్య తగిలించే గొట్టం (స్పేసర్) దొరుకుతాయి. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వేరు, దాని ప్రభావం పూర్తిగా కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అందాకా మాత్రలు ఇస్తారు. దాడి వచ్చినప్పుడు కొట్టే సాల్‌బుటమాల్ వేరు. ఏది, ఎంత అన్నది డాక్టరు రాస్తేనే. ఇంట్లో మీ మామగారివి ఉన్నాయని వాడేయకండి. ముందు కొన్నాళ్లు మందు లేకుండా ఖాళీ మాస్క్ చూపించి, ముక్కు ఆనిస్తే చేప ముక్క పెట్టండి. అలవాటయ్యాక మందు కొట్టి, మాస్క్‌లో ఏడెనిమిది సార్లు ఊపిరి తీసుకునేదాకా పట్టుకుంటే చాలు. మొదట్లో గీరుతుంది, ఆ తర్వాత చేప కోసం తనే వచ్చి కూర్చుంటుంది. దీనికి బదులు నెలకోసారి స్టెరాయిడ్ సూది పొడిపించుకుని పోయే అలవాటు కొందరికి ఉంది. చవక, సులువు, నిజమే. ఆ దీర్ఘకాలిక సూదులతో పిల్లికి షుగర్ వస్తుంది, దాగి ఉన్న గుండె జబ్బు బయటపడుతుంది. వేరే దారి లేనప్పుడు తప్ప నేను ఒప్పుకోను.

ప్రశ్న: చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాం. రోడ్డు మీద దొరికిన పిల్లిపిల్లను తెచ్చాం, రెండు నెలలుంటాయేమో. తుమ్ములు, కళ్లలో పుసి, ముక్కు మూసుకుపోయి గుర్రుగుర్రుమని పీలుస్తోంది. ఏమీ తినడం లేదు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది, అంటుకుంటుందా?

జవాబు: ఇది చాలావరకు పిల్లుల జలుబు. హెర్పిస్, కాలిసి అనే వైరస్‌లతో వస్తుంది. ఆ రెండూ మనుషులకు అంటవు. బిడ్డకు భయం లేదు, పిల్లిని ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు. ఇంట్లో వేరే పిల్లులుంటే మాత్రం వాటికి అంటుతుంది, గిన్నెలు వేరు చేయండి.

తినకపోవడానికి కారణం ముక్కు. వాసన తెలియకపోతే పిల్లి అన్నం వైపు చూడదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో రోజుకు నాలుగైదు సార్లు ముక్కు, కళ్లు తుడవండి, ఒక్కో కంటికి వేరే దూది. బాత్‌రూమ్‌లో వేడినీళ్లు పట్టి ఆవిరి నిండాక, పిల్లను చేత్తో పట్టుకుని పది నిమిషాలు ఆ గాలిలో ఉంచండి. నీళ్లలో ఏమీ కలపవద్దు, పసుపు కూడా వద్దు. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చేపను గోరువెచ్చగా, చేత్తో మెదిపి, ముక్కు దగ్గర పెట్టి చూడండి.

ఈ వయసు పిల్ల ఒక పూట తినకపోతేనే నీరసిస్తుంది. రేపటికీ తినకపోయినా, నోట్లో పుండ్లు కనిపించినా, ముక్కుతో కాకుండా డొక్కలతో పీలుస్తున్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి, జలుబు ఛాతీలోకి దిగిందన్నమాట. కోలుకున్నాక టీకాలు మరిచిపోవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. హెర్పిస్ ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి ఇల్లు మారినప్పుడో, కొత్త పిల్లి వచ్చినప్పుడో మళ్లీ నాలుగు తుమ్ములు తుమ్మితే కంగారు పడకండి.

ప్రశ్న: మా పర్షియన్ పిల్లి ఎండాకాలంలో గురక పెడుతుంది, కాస్త ఆడితే నోరు తెరుస్తుంది. అమ్మినాయన ఈ జాతి అంతే అన్నాడు. నిజమేనా? (తిరుపతి, భవానీనగర్)

జవాబు: సగం నిజం. ఆ చప్పిడి మొహం అందంగా ఉందని మనం తెచ్చుకున్నాం. లోపల ముక్కు రంధ్రాలు సన్నగా, గాలి దారి ఇరుకుగా ఉంటుంది. ఇక తిరుపతి మే నెల, 40 డిగ్రీలు దాటే ఎండ, ఒంటినిండా బొచ్చు. జాతి అంతే అని సరిపెట్టుకోవద్దు, రంధ్రాలు వెడల్పు చేసే చిన్న ఆపరేషన్ ఉంది, చూపించి అడగండి. బరువు పెరగనివ్వకండి, ఆయాసాన్ని ఎక్కువ చేసేది అదే. మధ్యాహ్నం పైఅంతస్తు రేకుల గదిలో ఉంచవద్దు. ఎండలోంచి వచ్చి నోరు తెరిచి చొంగ కారుస్తుంటే మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి ఫ్యాను కింద పెట్టి, డాక్టరుకు ఫోన్ చేయండి. ఐసు నీళ్లు పోయకండి.

ప్రశ్న: రెండో అంతస్తు నుంచి పిల్లి పడింది. కుంటడం లేదు, రక్తం లేదు. రెండో రోజు నుంచి కడుపు లోపలికి లాగుతూ పీలుస్తోంది. దెబ్బ తగ్గేదాకా చూడవచ్చా? (చంద్రగిరి)

జవాబు: చూడవద్దు. పడినప్పుడు ఊపిరితిత్తి చిల్లుపడి ఛాతీలోకి గాలి చేరవచ్చు. పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న పొర చిరిగి, పేగులో లివరో పైకి జారవచ్చు. బయటికి గాయమే కనిపించదు, మొదటి రోజు తినను కూడా తింటుంది. ఎక్స్‌రేలో తెలుస్తుంది, ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. బుట్టను కాస్త ఏటవాలుగా, తల వైపు ఎత్తు ఉండేలా పట్టుకుని తిరుపతికి బయలుదేరండి. దారిలో ఏమీ తినిపించవద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.